ఇరవై లెక్కపెట్టే మనిషి

మా అక్క మొగుడు ఎవర్నీ నమ్మడు. పాలవాడిని నమ్మడు, వాతావరణ వార్తలను నమ్మడు, కళ్లజోడులోంచి బాగానే కనబడుతున్నా అది అమ్మిన దుకాణంవాడిని నమ్మడు. పెళ్లయిన కొత్తలో అక్క కాఫీ ఇచ్చి, రెండు చెంచాల పంచదార వేశానంటే, ముందు ఆ చెంచా చూపించమన్నాడట. అనుమానం పెనుభూతం అంటారు. ముప్పై ఏళ్లుగా ఆ భూతానికి పొద్దున్నే టిఫిను పెట్టి పనికి పంపి, సాయంత్రం మళ్లీ తలుపు తీసేది మా అక్కే.

నేను ఆయన పనిచేసే చోటే టైపిస్టుని. బావ సిఫారసుతో చేరానని అక్కడ అందరూ అనుకుంటారు. నేను పరీక్ష పాసయ్యానని తెలిసిన రోజున, పేపర్లు తారుమారయ్యాయేమో కనుక్కుని రమ్మని నన్నే వెనక్కి పంపిన మనిషి ఆయన.

మాది సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పరిశోధన కేంద్రం. మూడు గదులు, ఒక వరండా, వరండా నుంచి నీళ్లలోకి రెండు వందల అడుగులు సాగిన చెక్క వంతెన. వంతెన మధ్యలో ఒక రేకుల షెడ్డు, అందులో పంపు. ఆ పంపు రాత్రింబవళ్లు సముద్రపు నీటిని గదిలోకి తోడుతుంది. నీరు మూసి ఉన్న గాజు జాడీలోకి జల్లులా పడుతుంది. అందులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్, అదే మా చిన్నప్పటి పాఠాల్లోని బొగ్గుపులుసు వాయువు, జాడీలో పైనున్న ఖాళీలోకి చేరి ఒక మట్టానికి వచ్చి ఆగుతుంది. అది పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లుందో యంత్రం కొలుస్తుంది. అది నీటి అంకె. వంతెన చివర బయటి గాలిని పట్టి తెచ్చి అదే యంత్రంలో పెడితే వచ్చేది గాలి అంకె. నీటి అంకె తక్కువగా ఉంటే సముద్రం గాలిలోంచి ఆ వాయువును పీల్చుకుంటోందని అర్థం. నీటి అంకె ఎక్కువైతే బయటికి వదులుతోందని అర్థం. రోజూ ఈ రెండు అంకెలూ నేను టైపు చేసి పైకి పంపాలి. మా కేంద్రం ఉన్నది ఇందుకే.

ఇదంతా బావ నాకు చెప్పింది సోడా సీసాతో. చల్లటి సీసా మూత తీస్తే గ్యాసు చాలాసేపు లోపలే ఉంటుంది, ఎండలో పెట్టింది తీస్తే బుస్సుమని పోతుంది.

"సముద్రమూ అంతే. చలికాలం లోపలికి లాగుతుంది, ఎండాకాలం బయటికి కక్కుతుంది," అన్నాడు.

"అయితే తేలికేగా బావా. తారీఖు చూసి చెప్పెయ్యొచ్చు, రోజూ కొలవడమెందుకు?"

"నమ్మావా? అదే దాని వేషం. ఒడ్డు మీంచి నాలుగు రోజులు గట్టిగా గాలి వీచిందనుకో, పైనున్న నీళ్లు నడిసముద్రం వైపు జరిగిపోతాయి. ఆ చోటులోకి అడుగునున్న నీళ్లు పైకొస్తాయి. చల్లగానే ఉంటాయి, చల్లగా ఉన్నాయి కదా పీల్చుకుంటాయిలే అనుకుంటావు. ఏళ్ల తరబడి పైనుంచి చచ్చిన నాచూ నలకా అడుక్కి దిగి అక్కడ కుళ్లింది కదా, ఆ గ్యాసంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. పైకి రాగానే వదిలేస్తాయి. సముద్రం మొహం చూసి ఏదీ చెప్పకూడదే. కొలవాలి."

మనుషుల్ని అనుమానించినట్టే సముద్రాన్నీ అనుమానించి, ఇరవై రెండేళ్లు ఒక్క రోజు కూడా కొలత తప్పకుండా నడిపించాడు. ఆ కేంద్రంలో ఆయన పేరు సందేహంగారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఎవరు పెట్టారో కూడా అనుమానం ఉంది. అది నేనే.

గాలి పట్టడం మాత్రం బావ ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. రెండు చివర్లా మూతలున్న మూరెడు గాజు గొట్టం అది. దాన్ని తీసుకుని వంతెన కొసకు వెళ్లాలి. మనిషి వదిలే ఊపిరిలో ఈ వాయువు బయటికన్నా వంద రెట్లు ఉంటుంది కాబట్టి, కొస ఇంకా పన్నెండు అడుగులు ఉందనగా నిండా గాలి పీల్చి బిగబట్టాలి. నడిచి వెళ్లి, గాలి వచ్చే వైపు తిరిగి, గొట్టం ముందుకు చాచి, రెండు మూతలూ రెండు చేతులతో తెరిచి పట్టుకోవాలి. గదిలోంచి గొట్టంలో వచ్చిన గాలంతా పోయి సముద్రం మీది గాలి నిండాలంటే ఇరవై సెకన్లు. అప్పుడు మూతలు బిగించి, వెనక్కి వచ్చాకే ఊపిరి వదలాలి.

ఆ ఇరవై సెకన్లూ బావ మనసులోనే లెక్కపెట్టుకునేవాడు. మెడలో వేలాడదీసుకొమ్మని ఆఫీసు ఇచ్చిన గడియారం మేకుకే ఉండిపోయింది.

"బ్యాటరీ మీద బతికేదాన్ని నేను నమ్మను. నా లెక్క నాకు తెలుసు," అనేవాడు.

అంకెలు రాసే పుస్తకంలో చివరి గడి రిమార్కులది. మిగతా కేంద్రాల వాళ్లు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మా పుస్తకంలో ఖాళీ గడి కనబడదు. పడవ ఇంజను పొగ, అనుమానం. గొట్టం మూత వదులు, అనుమానం. ఎదురింటివాళ్లు చెత్త తగలబెట్టారు, అనుమానం. ఆయన అనుమానాలన్నీ టైపు చేసి చేసి నా వేళ్లు అరిగిపోయాయి.

మొన్నటి ఎండాకాలం చివర్లో పెద్దాఫీసరు స్వయంగా వచ్చాడు. పెద్ద నగరంలోంచి ఏడాదికోసారి వచ్చి టీ తాగి వెళ్లే మనిషి, ఆసారి టీ ముట్టుకోలేదు. మా అంకెల కాగితం బల్ల మీద పరిచాడు.

"నీటి అంకె నాలుగు వందల ఇరవై ఎనిమిది. గాలిది నాలుగు వందల ముప్పై రెండు. ఈ లెక్కన మండుటెండల్లో మీ సముద్రం పీల్చుకుంటోంది. ఇన్నేళ్లూ ఈ నెలల్లో వదిలిన సముద్రం ఈ ఏడే ఎందుకు మారింది? పైగా పక్క కేంద్రాల్లో గాలి అంకె నాలుగు వందల ఇరవై దాటలేదండీ. మీ గాలి మాత్రం వేరే ఆకాశంలోంచి వస్తోందా?"

"నీటి యంత్రం చూశారా?" అన్నాడు బావ.

"చూశాను, సరిగ్గానే ఉంది. తప్పు గాలి పట్టడంలో ఉంది. ఏం తప్పో, ఎప్పటి నుంచి జరుగుతోందో నెలాఖరులోగా తేల్చండి. తేలకపోతే ఒక్క ఈ ఏడాదే కాదు, ఇరవై రెండేళ్లవీ పక్కన పెట్టాల్సి వస్తుంది. ఎప్పుడు మొదలైందో తెలియని తప్పు ఉంటే ఏ ఏడాదిని నమ్మమంటారు?"

బావ ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు కూడా ఆ వంతెన మీద ఏటేటా పెరిగే గాలి అంకెతో గుర్తుపెట్టుకునే మనిషి. పెద్దది నాలుగు వందల లోపు, చిన్నది నాలుగు వందల పైన అనేవాడు. ఆయనకు ఆస్తంటే ఆ పుస్తకాలే. నాకు ఏడుపొచ్చింది, బాత్‌రూమ్‌లోకి వెళ్లి కాసేపు కుళాయి తిప్పి నిలబడ్డాను.

మర్నాటికల్లా బావకు దొంగ దొరికాడు. పంపు చూసుకునే మేస్త్రి. పద్నాలుగేళ్లుగా ఆ రేకుల షెడ్డులో ఉంటున్నవాడు, నెమ్మదస్తుడు, ఒకే ఒక్క చెడ్డ అలవాటు సిగరెట్టు.

"నిప్పు లేనిదే పొగ రాదు," అన్నాడు బావ నాతో. "గాలి ఆడని రోజుల్లోనే అంకె పెరుగుతోంది, గమనించావా? గాలి వీస్తే వాడి పొగ కొట్టుకుపోతుంది. ఆడకపోతే వంతెన మీదే తచ్చాడుతుంది. వాడే."

"షెడ్డు నుంచి కొసకి వంద అడుగులుంది బావా. ఒక్క సిగరెట్టుకి అంతా?"

"ఒక్కటే తాగుతున్నాడని నీకెవరు చెప్పారు?"

మేస్త్రిని పిలిచి వరండాలో అందరి ముందూ కడిగేశాడు. ఆ మనిషి చేతులు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు.

"సార్, మీరు గొట్టం పట్టుకుని అటు వెళ్తున్నప్పుడు నేను ఎన్నడూ అగ్గిపుల్ల గీయలేదు. కావాలంటే ఒట్టు."

"ఒట్లు యంత్రంలో పెట్టి కొలవలేనయ్యా."

పుస్తకం వెనక్కి తిరగేసి, అంకె పెరిగిన పాత రోజుల గడుల్లోనూ మేస్త్రి, అనుమానం అని ఎక్కించాడు. మేస్త్రి వంతెన ఎక్కడానికి వీల్లేదని కాగితం రాయించి, నా చేతే టైపు చేయించాడు. మేస్త్రిని పెరట్లో నీళ్ల తొట్లు కడగడానికి వేశారు. పంపుకి ఏదైనా అయితే బావ పక్కన నిలబడితేనే అతను వెళ్లి చూడాలి. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు బావతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదా అని ఆయన నన్నూ అనుమానించాడు.

ఇరవై రోజులు గడిచాయి. మేస్త్రి వంతెన మీద లేడు, సిగరెట్టు లేదు, పొగ లేదు. గాలి ఆడని రోజున అంకె మళ్లీ నాలుగు వందల ముప్పై ఒకటి. రిమార్కుల గడిలో బావ రాసిన మాట చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మేస్త్రి. పెరటి వైపు నుంచి. అనుమానం."

అప్పుడు నేను కూర్చుని ఏడాది కాగితాలన్నీ ముందేసుకున్నాను. గాలి ఆడని రోజులన్నీ ఒక వరసలో రాశాను. మొదటి రెండు నెలలు వదిలేస్తే అన్నింటిలోనూ అంకె ఎక్కువే, రెండు రోజుల్లో తప్ప. ఆ రెండు రోజులూ నాకు గుర్తున్నాయి. బావ దవడ పన్ను పీకించుకుని, బుగ్గ వాచి, కొలత తప్పకూడదని తనే గదిలో కూర్చుని యంత్రం చూసుకున్నాడు. గాలి పట్టి తెచ్చింది మేస్త్రి. ఆ రెండు రోజులూ అంకె నాలుగు వందల ఇరవై.

పెరట్లోకి వెళ్లి మేస్త్రిని అడిగాను.

"ఆ రెండు రోజులూ ఇరవై ఎలా లెక్కపెట్టావు?"

"నేనేం లెక్కపెడతానమ్మా. వంతెన చెక్కల మీద నిలబడితే పంపు దెబ్బ పాదాలకి తెలుస్తుంది. ఇరవై దెబ్బలయ్యాక మూతేశాను."

ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లాను. అక్క బట్టలు మడతపెడుతోంది. ఊరికే అడిగినట్టు అడిగాను.

"బావ ఒంట్లో ఎలా ఉందే?"

అక్క చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పు."

"మేడ మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో రెండుసార్లు ఆగి చెప్పు పట్టీ సర్దుకుంటున్నారు. పట్టీ తెగిందేమోనని నేను మొన్న కొత్త చెప్పులు తెచ్చాను. వాటికి పట్టీలే లేవు. అయినా వంగి సర్దుకుంటున్నారే!"

"ఎప్పటి నుంచి?"

"ఇంటికి రంగులు వేయించినప్పటి నుంచి. నిచ్చెన ఎక్కి తనే చూస్తానని, రంగు డబ్బాలో నీళ్లు కలిపారేమోనని. అప్పుడు మొదలైంది ఆయాసం. డాక్టరు దగ్గరికి పదండి అంటే, డాక్టర్లకి రోగం లేకపోతే రోజు గడవదంటారు."

రంగులు వేయించి పది నెలలు. నా కాగితంలో మొదటి ఎక్కువ అంకె కూడా పది నెలల కిందటిదే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మరదలు పట్టేసింది. పట్టాను గానీ చెప్పే ధైర్యం ఏది? ఆయన ఊపిరి సంగతి ఆయనకే చెప్పాలి. చెబితే ఆ పని పోతుంది. చెప్పకపోతే ఇరవై రెండేళ్లూ పోతాయి.

ఆఖరికి ఆయన అనుమానానికే ఆ పని అప్పజెప్పాను.

"బావా, మేస్త్రి పొగే కారణమైతే ఎవరు పట్టినా అంకె ఎక్కువే రావాలిగా. రేపు నువ్వో గొట్టం పట్టు, నీ పక్కనే నిలబడి నేనో గొట్టం పడతాను. రెండూ ఎక్కువొస్తే వాడు దొరికిపోయినట్టే."

బావ కళ్లు మెరిశాయి. "ఇన్నాళ్లకి బుర్ర పెట్టావే!"

మర్నాడు గాలి కదల్లేదు. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. నేను పాదాల కింది పంపు దెబ్బలు లెక్కపెట్టాను. పద్నాలుగో దెబ్బకల్లా బావ మూతలు బిగించి వెనక్కి నడిచాడు. యంత్రంలో పెడితే నాది నాలుగు వందల ఇరవై, ఆయనది నాలుగు వందల ముప్పై మూడు.

"నువ్వు మంచి చోటు చూసుకుని నిలబడ్డావు," అన్నాడు.

మూడో రోజు చోట్లు మార్చుకున్నాం, గొట్టాలూ మార్చుకున్నాం. నాది నాలుగు వందల ఇరవై. ఆయనది నాలుగు వందల ముప్పై రెండు. బావ ఆ రెండు కాగితాలనూ చాలాసేపు చూశాడు. నన్ను చూశాడు. అంత అనుమానంగా ఆయన నన్ను ఎన్నడూ చూడలేదు.

"నీకేదో తెలుసు. చెప్పవేం?"

"నువ్వు ఇరవై పూర్తిగా లెక్కపెట్టడం లేదు బావా."

"ఇరవై రెండేళ్లుగా లెక్కపెడుతున్నాను!"

కేక విని మేస్త్రి పెరట్లోంచి వచ్చాడు. తడి చేతులతో గుమ్మం అవతలే నిలబడి, చేతి గడియారం విప్పి చాచాడు. బావ దాని వైపు చూడను కూడా లేదు.

"నా వాచీని నమ్మకపోతే మానేయండి సార్. పంపుని నమ్ముతారుగా?"

బావ షెడ్డు వైపు తిరిగాడు. ఆ పంపు వేగం ఆయనే పెట్టాడు. మూడు గడియారాలు వరసగా పెట్టి, నిమిషానికి సరిగ్గా అరవై దెబ్బలు పడేదాకా మర తిప్పించాడు. ఒక గడియారం అబద్ధమాడొచ్చు, మూడూ కలిసి ఒకటే అబద్ధం ఆడలేవన్నాడు అప్పట్లో. లోకంలో ఆయన నమ్మేది ఏదైనా ఉంటే ఆ పంపే. కానీ ఇరవై రెండేళ్లు పక్కనే మోగిన చప్పుడు చెవికి పట్టడం మానేసింది.

ముగ్గురం వంతెన ఎక్కాం. కాగితం ఉందని మేస్త్రి మొదటి చెక్క దగ్గర ఆగితే, బావ చెయ్యి ఊపి రమ్మన్నాడు. షెడ్డు పక్కన నిలబడి బావ నిండా గాలి పీల్చి బిగబట్టాడు. నడిచే పన్నెండు అడుగులూ ఉన్నచోటే వేశాడు. చేతులు చాచి, మూతలు తీసినట్టు వేళ్లు విప్పాడు. ఇరవై కాగానే వేలెత్తుతానని ముందే చెప్పాడు. మేస్త్రి దెబ్బదెబ్బకీ పైకి లెక్కపెడుతున్నాడు, బావ కళ్లు మూసుకుని తన లెక్క తను పెట్టుకుంటున్నాడు. పదకొండు. బావ మెడ నరాలు పొంగాయి. పన్నెండు. పదమూడు.

బావ వేలు లేచింది.

పంపు కొట్టుకుంటూనే ఉంది. మేస్త్రి మాత్రం లెక్క ఆపేశాడు. బావ ఊపిరి వదిలి, రొప్పుతూ రెయిలింగు పట్టుకున్నాడు. ఆయన ఇరవై లెక్కపెట్టాడు, అందులో మోసం లేదు. ఊపిరి తగ్గేకొద్దీ లెక్కే పరుగు నేర్చింది, ఆయనకు చెప్పకుండా. గాలి వీచే రోజున పదమూడులోనే గొట్టం కడుక్కుపోయేది. గాలి ఆడని రోజున గదిలో మేం వదిలిన ఊపిరి కాస్త గొట్టంలో మిగిలిపోయేది. అదే మేం పది నెలలుగా పైకి పంపిన ఆకాశం.

"మళ్లీ," అన్నాడు బావ.

మళ్లీ చేశాడు, పన్నెండు. ఇంకోసారి చేయబోతే నేను చెయ్యి పట్టుకున్నాను.

"చాలు బావా."

చెక్కల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి వంగి చెప్పు సర్దుకున్నాడు, పట్టీ లేని చెప్పు. అది చూసి నాకు దుఃఖం ఆగలేదు. మేస్త్రి మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు.

"ఎప్పటి నుంచే?" అని అడిగాడు బావ.

"ఇంటికి రంగులేసిన నెల. అక్క చెప్పింది, అంకెలూ అదే చెబుతున్నాయి. అంతకుముందువన్నీ పక్క కేంద్రాలతో సరిపోతున్నాయి, నేను చూశాను. ఇరవై ఒక్క ఏళ్లూ నిలబడతాయి బావా."

"నీ లెక్క మీద నాకు నమ్మకం లేదు. నేనూ చూస్తాను."

ఆ మధ్యాహ్నమంతా చూశాడు. సరిపోయాయి. అప్పుడు పెద్దాఫీసరుకి తనే ఉత్తరం రాశాడు. ఫలానా నెల నుంచి గాలి ఆడని రోజుల అంకెలు తీసేయండి, వాటి బదులు పక్క కేంద్రం గాలి వాడుకోండి, అప్పుడు మన సముద్రం ఈ ఎండాకాలం కూడా వదులుతూనే ఉందని తేలుతుంది, నమూనా పట్టిన మనిషికి ఊపిరి చాలలేదు, రేపటి నుంచి గాలి పట్టే పని మేస్త్రి చేస్తాడు. ఇంతే. క్షమించండి అని ఎక్కడా లేదు. ఉత్తరం చూపించి, ఒక మాట తగ్గిందన్నాను.

"అది ఆఫీసరుకి కాదు," అన్నాడు.

రిమార్కుల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. టైపు చేసి అతికిస్తాను ఇమ్మంటే, చేత్తో రాసింది చేత్తోనే దిద్దాలన్నాడు. మేస్త్రిని లోపలికి పిలిచి, ఎదురుగా కుర్చీ వేసి కూర్చోమన్నాడు. పద్నాలుగేళ్లలో ఆ గదిలో మేస్త్రి కూర్చోవడం అదే మొదటిసారి. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

బావ కలం తీసి, "మేస్త్రి, అనుమానం" అని ఉన్న గడి దగ్గర ఆగాడు. అందులో మేస్త్రి అనే పదం కొట్టేశాడు. పైన "నేను" అని రాశాడు. పుస్తకం తిప్పి అతనికి చూపించి, తర్వాతి గడికి వెళ్లాడు. అలా ముప్పై ఒక్క గడులున్నాయి. మధ్యలో మేస్త్రి లేవబోయాడు.

"చాల్లెండి సార్, నాకు తెలిసిందిగా."

"కూర్చో," అన్నాడు బావ. "నేను అన్నీ దిద్దానో లేదో నువ్వు చూడాలి."